లైనక్స్ లాప్‌టాప్‌లో వైఫై కార్డును పనిచేయించడం ఎలా?

“లైనక్స్ వేసుకున్నాను. తెర బాగుంది, శబ్దం వస్తోంది, టచ్‌ప్యాడ్ కూడా పనిచేస్తోంది. వైఫై ఒక్కటే కనిపించడం లేదు.” ఈ మాట నాకు ఏడాది పొడవునా వినిపిస్తూనే ఉంటుంది. అడిగేవారిలో కాలేజీ పిల్లలుంటారు, పాత లాప్‌టాప్‌ను మళ్లీ వాడుకుందామనుకునే పెద్దవారూ ఉంటారు. చాలామంది అడిగే సమయానికే ఎక్కడెక్కడో దొరికిన కమాండ్లన్నీ వరసగా అతికించి చూసి ఉంటారు. వాటిలో కొన్ని వేరే కార్డుకు రాసినవి, కొన్ని ఎప్పటిదో పాత కెర్నెల్‌కు (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) రాసినవి. అసలు జబ్బు కంటే ఈ మందుల ప్రభావం తగ్గించడానికే ఎక్కువ సమయం పడుతుంది.

అందుకే ముందుగా ఒక షరతు. మీ కార్డు ఏదో, పని ఎక్కడ ఆగిపోయిందో తేలేవరకు ఏ డ్రైవరునూ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కించకండి. కింది మెట్లను వరసగా ఎక్కండి. ఒక మెట్టు సరిగా ఉందని తేలాకే పై మెట్టుకు వెళ్లండి. చాలామందికి మూడో మెట్టులోనో నాలుగో మెట్టులోనో పని అయిపోతుంది.

కమాండ్ల గురించి ఒక మాట. వాటిని ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాలతో రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాలతో టైపు చేయాలి. ఎల్ఎస్‌పీసీఐ అని ఉంటే ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే అయిదు అక్షరాలను ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి. స్టేటస్, లిస్ట్ వంటివి మామూలు ఇంగ్లీషు పదాలే. అడ్డగీతకు ముందు ఖాళీ ఉందో లేదో గమనించండి. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

కావలసినవి

- లాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్. అడ్మిన్ హక్కుతో పనిచేయించే సుడో అనే కమాండ్ అడిగేది ఇదే. టైపు చేస్తుంటే తెరపై చుక్కలు కూడా కనిపించకపోవచ్చు, కంగారు పడకండి.
- మొబైల్ డేటా ఉన్న ఫోను, డేటా పంపగల యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్‌తో ఇది కుదరదు.
- లేదా రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు లాన్ కేబుల్.
- కార్డు నంబరు రాసుకోవడానికి ఒక కాగితం.
- అరగంట తీరిక.

డెబియన్ అనే లైనక్స్ రకం వాడేవారికి ఒక హెచ్చరిక. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌కు (అన్ని అధికారాలున్న ఖాతా) వేరే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే మీకు సుడో పనిచేయదు. అప్పుడు “ఎస్‌యూ -” అని కొట్టి, రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. ఎస్‌యూ తర్వాత ఉన్న ఆ గీతను వదిలేస్తే, ఉన్న కమాండ్లకు కూడా “కమాండ్ నాట్ ఫౌండ్” అని వస్తుంది.

1. ముందు ఫోను ద్వారా ఇంటర్నెట్ తెచ్చుకోండి

వైఫై సరిచేయడానికి ఫైళ్లు కావాలి, ఫైళ్లు దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి పెన్‌డ్రైవ్‌లో ఒక్కొక్క ప్యాకేజీనే మోసుకొస్తుంటారు. అంత శ్రమ అవసరం లేదు. ఫోనును కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలపండి. ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ విభాగంలోకి వెళ్లి యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేయండి. హాట్‌స్పాట్ కాదు, టెథరింగ్. ఆండ్రాయిడ్ ఫోన్లకు కావలసిన డ్రైవర్లు లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి కాబట్టి కొన్ని క్షణాల్లో వైరుతో కలిసిన నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది.

కేబుల్ తీస్తే టెథరింగ్ ఆగిపోతుంది, మళ్లీ కలిపినప్పుడు మళ్లీ ఆన్ చేయాలి. ఈ సమయంలో పూర్తి సిస్టమ్ అప్‌డేట్ మొదలుపెట్టకండి, రోజువారీ డేటా అందులోనే అయిపోతుంది. ఐఫోను అయితే యూఎస్‌బీమక్స్‌డీ అనే ప్యాకేజీ ఉండాలి, కలిపినప్పుడు ఫోనులో “ట్రస్ట్” నొక్కాలి.

2. స్విచ్చి ఆఫ్‌లో ఉందేమో చూడండి

చెప్పడానికి చిన్న విషయమే. కానీ దీన్ని చూడకుండా గంటల తరబడి డ్రైవర్లు మార్చేవారు ఎందరో. టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్

వైర్‌లెస్ లాన్ అనే పేరు కింద రెండు వరసలు కనిపిస్తాయి. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర “ఎస్” (అవును అనే ఇంగ్లీషు మాట) అని ఉంటే సిస్టమే దాన్ని ఆపి ఉంచిందని అర్థం. దానికి ఈ కమాండ్ చాలు:

సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై

హార్డ్ బ్లాక్డ్ దగ్గర “ఎస్” ఉంటే ఏ కమాండుతోనూ తీయలేరు. లాప్‌టాప్ అంచున చిన్న స్విచ్చి ఉందేమో వెతకండి. లేకపోతే పై వరస కీలలో విమానం బొమ్మో యాంటెన్నా బొమ్మో ఉన్నదాన్ని ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కండి. అయినా మారకపోతే బయాస్‌లో (లైనక్స్ మొదలుకాకముందే తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగులు) వైర్‌లెస్ ఆపి ఉందేమో చూడండి.

కొన్ని లెనోవో ఐడియాప్యాడ్ మోడళ్లలో స్విచ్చే ఉండదు, అయినా హార్డ్ బ్లాక్ చూపిస్తుంది. అది కార్డు తప్పు కాదు. ఐడియాప్యాడ్_లాప్‌టాప్ అనే మాడ్యూల్ (కెర్నెల్‌కు తగిలించే ముక్క) పొరపాటుగా చెబుతున్న మాట. “సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐడియాప్యాడ్_లాప్‌టాప్” అని దాన్ని తాత్కాలికంగా తీసి చూడండి. వైఫై వస్తే కారణం దొరికినట్టే. అప్పుడు కెర్నెల్‌ను కొత్తదానికి మార్చుకోవడం మంచి దారి.

విండోస్ కూడా ఉన్న లాప్‌టాప్ అయితే మరో అనుమానం. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల మెషీన్ పూర్తిగా ఆగదు, నిద్రలాంటి స్థితిలోకి వెళుతుంది. ఆ స్థితిలో వదిలిన కార్డు లైనక్స్‌లో లేవకపోవచ్చు. విండోస్ కంట్రోల్ ప్యానెల్ పవర్ సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను ఓ అర నిమిషం నొక్కి ఉంచి, మళ్లీ ఆన్ చేయండి.

3. కార్డు ఎవరిదో కనుక్కోండి

ఈ మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే. లాప్‌టాప్ పెట్టె మీద ఉన్న మోడల్ పేరును నమ్ముకోకండి. ఒకే మోడల్ పేరుతో అమ్మిన లాప్‌టాప్‌లలో కూడా బ్యాచిని బట్టి వేర్వేరు కంపెనీల కార్డులుంటాయి. మీ స్నేహితుడికి పనిచేసిన కమాండ్ మీకు పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే

పెద్ద జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న వరస వెతకండి. ఈథర్నెట్ కంట్రోలర్ అన్నది వైరు కార్డు, దాన్ని వదిలేయండి. ఆ వరస చివర చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడగొట్టిన నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. కోలన్‌కు ముందున్నది కంపెనీని చెబుతుంది: 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 168సీ అయితే ఎథెరోస్, 14సీ3 అయితే మీడియాటెక్. కోలన్ తర్వాతది అసలు చిప్పును చెబుతుంది. ఉదాహరణకు 10ఈసీ:సీ821 అంటే రియల్‌టెక్ 8821సీఈ. 14ఈ4:4727 అంటే బ్రాడ్‌కామ్ 4313.

దాని కింద “కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్” అనే వరస ఉందా? ఉంటే డ్రైవరు దొరికింది, సమస్య ఫర్మ్‌వేర్‌లోనో (దీని గురించి తర్వాతి మెట్టులో) ఆ పైనో ఉంది. లేకపోతే డ్రైవరే లేదు. ఈ ఒక్క వరస ఉందా లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి పనంతా మారిపోతుంది.

జాబితాలో వైఫై కార్డే లేకపోతే? యూఎస్‌బీకి పెట్టిన చిన్న వైఫై పుల్ల అయితే అది ఇందులో రాదు. “ఎల్ఎస్‌యూఎస్‌బీ” అని కొట్టాలి. కొన్ని పుల్లలు మొదట డ్రైవర్ సీడీలా నటిస్తాయి. 0బీడీఏ:1ఏ2బీ అనే నంబరు కనిపిస్తే మీది అలాంటిదే. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేసి, పుల్లను తీసి మళ్లీ పెట్టండి, నంబరు మారుతుంది. ఆ మారిన నంబరే అసలుది. రెండు జాబితాల్లోనూ కార్డు లేదంటే అది ఊడి ఉండవచ్చు, లేదా చెడిపోయి ఉండవచ్చు. దానికి సాఫ్ట్‌వేర్ మందు లేదు.

4. డ్రైవరు, ఫర్మ్‌వేర్

డ్రైవరు కెర్నెల్‌లో ఉండే భాగం. ఫర్మ్‌వేర్ కార్డు లోపలికి ఎక్కించే ఫైలు. రెండూ ఉండాలి. ముందుగా మీ కెర్నెల్ ఎంత కొత్తదో చూసుకోండి:

యూనేమ్ -ఆర్

తర్వాత ఫర్మ్‌వేర్ గురించి కెర్నెల్ ఏమంటోందో వినండి:

సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ ఫర్మ్‌వేర్

“ఎర్రర్ -2” అంటే అడిగిన ఫైలు దొరకలేదని అర్థం. కానీ ఇంటెల్ కార్డుల విషయంలో దీన్ని చూసి తొందరపడకండి. ఆ డ్రైవరు అన్నిటికంటే కొత్త ఫైలుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ వెతుకుతుంది. దొరకని ప్రతిదానికీ ఒక ఎర్రర్ రాసి, చివరకు దొరికినదాన్ని ఎక్కించుకుంటుంది. యోయో అనే పేరున్న ఫైలు లేదన్న ఎర్రర్‌ను అసలు పట్టించుకోనక్కర్లేదు. “నో సూటబుల్ ఫర్మ్‌వేర్ ఫౌండ్” అని ఉంటేనే నిజంగా లేనట్టు.

ఇంటెల్. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. ఉబుంటు, మింట్, ఫెడోరాలలో ఫర్మ్‌వేర్ సిస్టమ్‌తోనే వస్తుంది కాబట్టి సాధారణంగా ఏమీ చేయనక్కర్లేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నాయి. అంతకుముందు వెర్షన్ వాడుతుంటే ప్యాకేజీల జాబితా ఫైలులో నాన్-ఫ్రీ అనే విభాగాన్ని మీరే చేర్చుకోవాలి. డెబియన్ 12లో ఆ విభాగం పేరు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్. పాత పేరే రాసి, ప్యాకేజీ దొరకడం లేదని వాపోయేవారు ఇప్పటికీ ఉన్నారు.

రియల్‌టెక్. మన దగ్గర తక్కువ ధర లాప్‌టాప్‌లలో తరచూ కనిపించేది ఇదే, ఎక్కువ ప్రశ్నలు వచ్చేదీ దీని మీదే. కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఇక్కడ అసలు ప్రశ్న కెర్నెల్ వయసు. 8723డీఈ చిప్పుకు డ్రైవరు 5.8 కెర్నెల్‌లో వచ్చింది, 8821సీఈకి 5.9లో, 8852బీఈకి 6.2లో. ఇప్పుడు మీ దగ్గర ఏముందో చూడండి. ఉబుంటు 20.04 మొదట వచ్చింది 5.4తో, 22.04 వచ్చింది 5.15తో, 24.04 వచ్చింది 6.8తో. డెబియన్ 12 కెర్నెల్ 6.1. అంటే 8821సీఈ ఉన్నవారు ఉబుంటు 22.04 వేసుకుంటే బయటి డ్రైవరుతో పనే లేదు. 8852బీఈ ఉన్నవారికి డెబియన్ 12 మామూలు కెర్నెల్‌తో వైఫై రాదు, బ్యాక్‌పోర్ట్స్ (పాత వెర్షన్‌కు కొత్త ప్యాకేజీలు ఇచ్చే విభాగం) నుంచి కొత్త కెర్నెల్ తెచ్చుకోవాలి. ఉబుంటు 22.04 వాడేవారు ఈ ప్యాకేజీతో కొత్త కెర్నెల్‌కు మారవచ్చు:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లైనక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04

గిట్‌హబ్‌లో దొరికే విడి డ్రైవర్లను కంపైల్ చేసుకోవడం ఆఖరి మార్గంగానే ఉంచుకోండి. అవి కెర్నెల్ మారినప్పుడల్లా విరిగిపోతాయి. ఒకవేళ ఎప్పుడో వేసి ఉంటే, కెర్నెల్ కొత్తది అయ్యాక వాటిని తీసేయండి. ఒకే కార్డు కోసం రెండు డ్రైవర్లు పోటీపడితే ఒకసారి వైఫై వస్తుంది, మరోసారి రాదు. వేయవలసే వస్తే డీకేఎంఎస్ పద్ధతిలో వేయండి. కెర్నెల్ మారినప్పుడు అదే మళ్లీ కంపైల్ చేస్తుంది, కానీ ఆ కెర్నెల్‌కు సరిపడే హెడర్ల ప్యాకేజీ తప్పనిసరి.

బ్రాడ్‌కామ్. పాత మ్యాక్‌బుక్‌లలో, దశాబ్దం దాటిన డెల్, హెచ్‌పీ లాప్‌టాప్‌లలో ఎక్కువ. ఉబుంటు, మింట్ వాడేవారు ఫోను ఇంటర్నెట్ కలిపి ఉంచి, మెనూలో అడిషనల్ డ్రైవర్స్ లేదా డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ పేరుతో కనిపించేదాన్ని ఎంచుకుని అప్లై నొక్కండి. టెర్మినలే ఇష్టమైతే బీసీఎండబ్ల్యూఎల్-కెర్నెల్-సోర్స్ ప్యాకేజీ. డెబియన్‌లో దాని పేరు బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్, నాన్-ఫ్రీ విభాగంలో ఉంటుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి ఏకేమాడ్-డబ్ల్యూఎల్. ఈ డ్రైవరు బ్రాడ్‌కామ్ చిప్పులన్నిటికీ కాదు. 4313 వంటివి కెర్నెల్‌లోని బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్ డ్రైవరుతోనే నడుస్తాయి. నడుస్తున్నదాన్ని కదపకండి.

ఎథెరోస్ కార్డులు లైనక్స్‌తో పేచీ పెట్టేది తక్కువ. మీడియాటెక్ 7921 అయితే కెర్నెల్ 5.12 గానీ ఆ పైది గానీ ఉండాలి.

ఈ మెట్టు దాటామా అని చూడటానికి లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి “ఐపీ లింక్” అని కొట్టండి. డబ్ల్యూఎల్‌తో మొదలయ్యే పేరు కనిపించాలి. పాత రోజుల్లో డబ్ల్యూఎల్ఏఎన్0 అని ఉండేది. ఇప్పుడు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 వంటి పేరు వస్తుంది, లాప్‌టాప్ లోపల కార్డు ఏ బస్ (కార్డులు తగిలే దారి) మీద, ఏ స్లాటులో ఉందో చెప్పే పేరు అది. పాత వ్యాసాల్లోని డబ్ల్యూఎల్ఏఎన్0ను అలాగే కొడితే “అలాంటిది లేదు” అనే జవాబే వస్తుంది. కమాండ్లలో ఎప్పుడూ మీ లాప్‌టాప్ చూపించిన పేరునే వాడండి.

5. సెక్యూర్ బూట్ అడ్డు

డ్రైవరు వేశారు, ఎర్రర్ ఏమీ రాలేదు, అయినా వైఫై లేదు. బయటి డ్రైవరు వేసినవారికి ఇలా జరిగితే ముందు అనుమానించవలసింది సెక్యూర్ బూట్ అనే కాపలా ఏర్పాటునే. సంతకం లేని మాడ్యూల్‌ను అది లోపలికి రానివ్వదు. “మోడ్‌ప్రోబ్” కొట్టినప్పుడు “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అని వస్తే ఇదేనని ఖాయం చేసుకోండి. స్థితి చూడటానికి:

మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్

ఉబుంటులో డ్రైవరు వేసేటప్పుడే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. అందులో ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, ఎస్ అని వరసగా ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. టీ తెచ్చుకుందామని లేస్తే దాటిపోతుంది, తర్వాత ఏం జరిగిందో ఎంతకీ అర్థం కాదు. దాటిపోతే ఇలా కొట్టి మళ్లీ రప్పించండి:

సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ

సెక్యూర్ బూట్‌నే ఆపేయడం ఇంకో దారి. కానీ పక్కన విండోస్ ఉండి, దానికి బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) ఉంటే జాగ్రత్త. బయాస్‌లో ఈ మార్పు చేశాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకుండా బయాస్ ముట్టుకోకండి.

6. నెట్‌వర్క్ మేనేజర్‌తో కలపండి

ఇప్పటికి కార్డు లేచింది. డెస్క్‌టాప్ మూలన వైఫై గుర్తు వచ్చి ఉంటే అక్కడే నొక్కి కలుపుకోండి. రాకపోతే:

ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్

వైఫై వరసలో “డిస్కనెక్టెడ్” అని ఉంటే మంచిదే, కలపడానికి సిద్ధంగా ఉందని అర్థం. “అన్‌మేనేజ్డ్” అని ఉంటే నెట్‌వర్క్ మేనేజర్ (నెట్‌వర్క్‌లను కలిపే ప్రోగ్రామ్) దాని జోలికి వెళ్లడం లేదు. డెబియన్‌లో దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలులో ఇన్‌స్టాలర్ ఆ కార్డు పేరు రాసి వదిలేసింది. ఆ ఫైలు నకలు ఒకటి దాచుకుని, కార్డు పేరున్న వరసల ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. ఎల్ఓ అనే పేరున్న వరసలను మాత్రం ఉంచండి. తర్వాత:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్

ఇక్కడ మాత్రం నెట్‌వర్క్ మొదటి ఎన్, మేనేజర్ మొదటి ఎం పెద్దక్షరాలు. మధ్యలో ఖాళీ లేదు.

నెట్‌వర్క్‌ల జాబితా చూసి, కలపండి:

ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్

ఎన్ఎంసీఎల్ఐ --ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్ “మీ వైఫై పేరు”

పేరులో ఖాళీలుంటే కోట్ గుర్తులు తప్పనిసరి. పాస్‌వర్డ్‌ను కమాండులోనే రాసే పద్ధతీ ఉంది, కానీ అది టెర్మినల్ చరిత్రలో మిగిలిపోతుంది. అందుకే ఆస్క్ వాడమంటున్నాను, అదే అడుగుతుంది.

మీ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ జాబితాలో లేదా? ముందు మీ కార్డు దాన్ని అందుకోగలదో లేదో చూడండి. 8723డీఈ, బ్రాడ్‌కామ్ 4313 వంటివి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. అది లైనక్స్ నేరం కాదు, విండోస్‌లోనూ అంతే. పేరు కనిపించినా కలవకపోతే రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్నదానికి మార్చండి.

7. నిజంగా కలిసిందా? మూడు పింగ్‌లు

వైఫై గుర్తు నిండుగా కనిపించినంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. ముందుగా ఫోను కేబుల్ తీసేయండి. అది ఉంటే వచ్చే జవాబులు దేనివో తెలియదు. తర్వాత “ఐపీ రూట్” కొట్టి, డిఫాల్ట్ వయా అన్న మాటల పక్కనున్న అంకెలను చూడండి. అది మీ రౌటర్. 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉండవచ్చు. అవతలివైపు నుంచి జవాబు వస్తోందో లేదో పింగ్ చెబుతుంది. ఇప్పుడు వరసగా మూడు కొట్టండి, మొదటిదానిలో మీ రౌటర్ అంకెలే వాడండి:

పింగ్ -సీ 4 192.168.1.1

పింగ్ -సీ 4 8.8.8.8

పింగ్ -సీ 4 డెబియన్.ఓఆర్‌జీ

మొదటిదానికే జవాబు లేకపోతే లోపం మీకూ రౌటర్‌కూ మధ్య ఉంది. “ఐపీ అడ్రస్” కొట్టి చూడండి. చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ మీకు చిరునామా ఇవ్వలేదు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే మీ లాప్‌టాప్‌ను వదిలేసి ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేయండి. రెండోది కూడా వచ్చి మూడోది రాకపోతే డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చేది) సమస్య. దాన్ని ఇలా మార్చుకోవచ్చు:

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై “మీ వైఫై పేరు” ఐపీవీ4.డీఎన్ఎస్ 1.1.1.1

తర్వాత కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్లీ కలపండి, లేకపోతే మార్పు అమలు కాదు. హాస్టళ్లు, రైల్వే స్టేషన్లలో లాగిన్ పేజీ వచ్చే నెట్‌వర్క్‌లకు మాత్రం ఈ మార్పు చేయకండి. ఆ పేజీ రావడం ఆగిపోవచ్చు.

8. వస్తోంది కానీ నిలవడం లేదంటే

మొదట చూడవలసింది పవర్ సేవింగ్. బ్యాటరీ ఆదా కోసం కార్డు మధ్యమధ్య కునుకు తీస్తుంది. కొన్ని కార్డులు ఆ కునుకు నుంచి సరిగా లేవవు.

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

దీంతో వీడియో కాల్ తెగడం ఆగిందా? ఆగితే శాశ్వతం చేసుకోండి, ఎందుకంటే ఈ కమాండ్ ప్రభావం రీస్టార్ట్‌తో పోతుంది. ఉబుంటులో /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డి అనే ఫోల్డరులో డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలు ఉంటుంది. అందులో వైఫై.పవర్‌సేవ్ = 3 అని ఉన్నచోట 2 చేయండి. ఆగకపోతే వెనక్కి మార్చేయండి, బ్యాటరీని వృథా చేయడం ఎందుకు?

రౌటర్ పక్కన కూర్చుంటేనే వైఫై వస్తోంది, గది దాటితే పోతోంది అనేవారిలో చాలామంది కార్డు నంబరు 10ఈసీ:బీ723, అంటే రియల్‌టెక్ 8723బీఈ. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ కార్డుకు ఒక్క యాంటెన్నా వైరే తగిలించి ఉంటుంది, డ్రైవరేమో రెండో కొనను వింటుంటుంది. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డరులో కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైలు చేసి ఈ వరస రాయండి:

ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ ఏఎన్‌టీ_ఎస్ఈఎల్=2

రీస్టార్ట్ చేసి చూడండి. సిగ్నల్ పెరగకపోతే 2 బదులు 1 పెట్టండి. 8821సీఈ ఉండి ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతుంటే, అదే ఫోల్డరులో “ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1” అని ప్రయత్నించవచ్చు. రెండు మార్పులు ఒకేసారి చేయకండి. దేనివల్ల బాగుపడిందో తెలియదు.

9. బీఎస్‌డీ వాడేవారికి

బీఎస్‌డీలు లైనక్స్ కాదు, దానిలాంటి వేరే సిస్టమ్‌లు. వాటిలో ఒకటైన ఫ్రీబీఎస్‌డీలో పేర్ల పద్ధతే వేరు. ఇంటర్‌ఫేసు పేరు డ్రైవరును బట్టి వస్తుంది. ఐపీ కమాండ్ ఉండదు, ఐఎఫ్‌కాన్ఫిగ్ వాడాలి. కార్డు కోసం “పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ” చూడండి. డ్రైవరు పట్టుకున్న కార్డు మీద ముందుగా డబ్ల్యూఎల్ఏఎన్0ను సృష్టించాలి, ఆ పని ఆర్‌సీ.కాన్ఫ్ ఫైలులో ఒక వరసతో అయిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ డబ్ల్యూపీఏ_సప్లికెంట్.కాన్ఫ్‌లో రాయాలి. పాస్‌వర్డ్ అందులో అందరికీ కనిపించేలా ఉంటుంది కాబట్టి ఫైలు అనుమతిని 600కు మార్చండి. ఓపెన్‌బీఎస్‌డీలో ఫర్మ్‌వేర్ కోసం “ఎఫ్‌డబ్ల్యూ_అప్‌డేట్” కొడితే చాలు.

10. ఏదీ ఫలించకపోతే

కార్డు మార్చేయడం కొన్నిసార్లు అన్నిటికంటే చవకైన మార్గం. లాప్‌టాప్ వెనక మూత తీస్తే ఎం.2 రకం వైఫై కార్డు చిన్నగా కనిపిస్తుంది, సాధారణంగా ఒక్క స్క్రూ, రెండు సన్నని యాంటెన్నా వైర్లు ఉంటాయి. కొనేటప్పుడు ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 అడగండి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం పొరపాటున కూడా తీసుకోకండి. అవి ఇంటెల్ ప్రాసెసర్‌తో కలిసి పనిచేసేలా కట్టిన బోర్డులకే పనికొస్తాయి, మిగతావాటిలో అసలు కనిపించవు. ఏఎక్స్200కు 5.1, ఏఎక్స్210కు 5.10 కెర్నెల్ కావాలి. కొన్ని పాత హెచ్‌పీ, లెనోవో లాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని కార్డు పెడితే ఆన్ అవ్వడానికే ఒప్పుకోవు. వాటికి యూఎస్‌బీ పుల్లే గతి. హైదరాబాద్‌వారైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో విడి కార్డుల కోసం వాకబు చేయవచ్చు. పుల్ల కొనేవారు డబ్బా మీది మోడల్ పేరుతో ఆగకుండా లోపల ఉన్న చిప్పు ఏదో అడిగి కొనండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారగానే చిప్పు కూడా మారిపోవడం ఈ వ్యాపారంలో మామూలే.

కొనేముందు తెలిసినవారిని ఒకసారి అడుగుదామనుకుంటే, “వైఫై రావట్లేదు” అని మాత్రమే చెప్పకండి. మూడో మెట్టులో రాసుకున్న నంబరు, దాని కింద డ్రైవర్ ఇన్ యూజ్ వరస ఉందో లేదో, యూనేమ్, ఆర్ఎఫ్‌కిల్ ఇచ్చిన జవాబులు, డీఎంఈఎస్‌జీలో ఫర్మ్‌వేర్ గురించి వచ్చిన వరసలు పంపండి. ఫొటో తీసి కాదు, అక్షరాలుగా కాపీ చేసి. పంపేముందు అందులో మీ వైఫై పాస్‌వర్డ్ లేదని చూసుకోండి.